గుడ్డూ మైదా లేకుండా కొరియన్ బంగాళాదుంప అట్టు: గిన్నె అడుగున పేరుకున్న పిండిని పారబోయకండి

కొరియన్ వంటలు ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. గుడ్డు వేయకపోతే బంగాళాదుంప అట్టు విరిగిపోదా? బదులుగా మైదా ఎంత కలపాలి? శనగపిండి అయితే సరిపోతుందా?

ఏదీ కలపనక్కర్లేదు. దుంపను తురిమి వడకడితే వచ్చే నీళ్లను పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి ముద్ద పేరుకుంటుంది. అట్టును పట్టి ఉంచేది అదే. ఇంట్లో చిప్స్ చేసేటప్పుడు మనం మూడుసార్లు కడిగి పారబోసేదీ అదే. మొదటిసారి నేనూ అలవాటు కొద్దీ ఆ నీళ్లు పారబోశాను. తరువాత అట్టు విరిగిపోతుంటే మైదా కలిపాను. తిన్నవాళ్లకు మైదా రుచే తెలిసింది, దుంప రుచి తెలియలేదు. అందుకే ఈ ఒక్క సంగతి ముందే చెబుతున్నాను.

దీన్ని కొరియాలో గమ్జాజొన్ అంటారు. గమ్జా అంటే బంగాళాదుంప, జొన్ అంటే పెనం మీద నూనెతో కాల్చే వంటకం. దక్షిణ కొరియాలో ఈశాన్యాన ఉన్న గాంగ్వాన్ ప్రాంతం దీనికి పుట్టిల్లు. అంతా కొండలు, వరి మళ్లు తక్కువ. 19వ శతాబ్దం తొలినాళ్లలో కొరియాకు చేరిన బంగాళాదుంప ఆ చల్లటి కొండల్లో బాగా స్థిరపడింది. అక్కడివాళ్లను మిగతా కొరియన్లు గమ్జాబావు, అంటే బంగాళాదుంప బండ, అని పిలిచేంతగా దుంప వాళ్ల తిండిలో కలిసిపోయింది. 2018 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ప్యాంగ్‌చాంగ్ కూడా ఆ ప్రాంతంలోదే.

కొరియాలో చాలా రకాల జొన్‌లను పిండిలో దొర్లించి, గుడ్డు సొనలో ముంచి కాలుస్తారు. గుడ్డు తప్పదన్న అభిప్రాయం అక్కడి నుంచే వచ్చింది. గమ్జాజొన్ మాత్రం పాత పద్ధతిలో దుంప, ఉప్పు, నూనె. అంతే. అంటే మనం దీన్ని కొత్తగా వీగన్‌గా (గుడ్డు, పాలు, మాంసం, చేపలు ఏవీ లేనిదిగా) మార్చడం లేదు, ఉన్నదాన్ని ఉన్నట్టే చేస్తున్నాం.

వీగన్లు జాగ్రత్తపడాల్సింది అట్టు విషయంలో కాదు, దాని చుట్టూ వచ్చే వాటి విషయంలో. పక్కన పెట్టే కిమ్చీలో సాధారణంగా చేపల సాసో, ఉప్పులో ఊరిన రొయ్యలో ఉంటాయి. కొన్ని రుచి కలిపిన సోయా సాస్‌లలో చేపల రసం ఉంటుంది. బుచిమ్‌గారు అనే రెడీమేడ్ అట్ల పిండి కొనాలనుకుంటే ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి. నిజానికి ఈ అట్టుకు ఆ పిండి అవసరమే లేదు. ఇంకో మాట, అట్టులో గోధుమ లేకపోయినా మామూలు సోయా సాస్‌లో ఉంటుంది. గ్లూటెన్ పడనివాళ్లు గోధుమ లేని సోయా సాస్ వాడాలి.

కావలసినవి (జానెడు కంటే కాస్త చిన్న అట్లు 3 వస్తాయి)

బంగాళాదుంపలు: అర కిలో (మధ్య సైజువి 4 దాకా)
ఉల్లిపాయ: చిన్నదాంట్లో పావు ముక్క
ఉప్పు: అర టీ స్పూన్ కంటే కొంచెం తక్కువ
నూనె: 5 నుంచి 6 టేబుల్ స్పూన్లు. పొద్దుతిరుగుడు, తవుడు, వేరుశనగ, ఏదైనా సరే
పైన అద్దడానికి: ఒక పచ్చిమిర్చి, ఒక పండుమిర్చి, సన్నని చక్రాలుగా

నంజుకునే సాస్‌కు:
సోయా సాస్ 2 టేబుల్ స్పూన్లు, వెనిగర్ 1 టేబుల్ స్పూన్, నీళ్లు 1 టేబుల్ స్పూన్, చక్కెర అర టీ స్పూన్, సన్నగా తరిగిన ఉల్లిపాయ 1 టేబుల్ స్పూన్, ఒక పచ్చిమిర్చి ముక్కలు, వేయించిన నువ్వులు చిటికెడు

పనిముట్లు: సన్న రంధ్రాల తురుముపీట, జల్లెడ లేదా పెద్ద టీ వడపోత, స్టీలు లేదా గాజు గిన్నె, అడుగు మందంగా ఉన్న చదునైన పాన్, వెడల్పాటి అట్లకాడ

దుంప ఎలాంటిది ఉండాలి

ఉడికిస్తే పొడిపొడిగా విడిపోయే దుంప మంచిది. దాంట్లో పిండి ఎక్కువ, నీరు తక్కువ. తొక్క గోటితో గీస్తే ఊడిపోయే కొత్త దుంపల్లో నీరు ఎక్కువ. వాటితోనూ చేయొచ్చు, కానీ అడుగున పేరుకునే పిండి తగ్గుతుంది. చిప్స్ కోసమే పండించే కుఫ్రీ చిప్సోనా రకం దొరికితే వదలకండి. మన బజార్లలో సంచి మీద రకం పేరు రాసి ఉండడం అరుదు కాబట్టి చేత్తో పట్టి చూడండి: గట్టిగా, బరువుగా, ముడతలు లేకుండా ఉంటే చాలు.

ఫ్రిజ్‌లో వారం రోజులున్న దుంపలు వద్దు. చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అప్పుడు అట్టు లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. మొలకలొచ్చిన చోట, ఆకుపచ్చగా మారిన చోట లోతుగా చెక్కి తీసేయండి. అక్కడ సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది. దుంప చాలా మేర పచ్చబడి ఉంటే మొత్తం పారేయడమే మేలు.

చేసే విధానం

1. ముందు సాస్ కలిపి పక్కన పెట్టండి. ఒకసారి దుంప తురమడం మొదలుపెట్టాక ఆగే వీలుండదు. పైగా ఉల్లిపాయ, మిర్చి సోయాలో పావుగంట నానితే రుచి కుదురుతుంది. తెల్లటి సింథటిక్ వెనిగర్ ఘాటుగా ఉంటుంది కాబట్టి సగమే వేసి రుచి చూడండి. నిమ్మరసం వాడినా తప్పులేదు. సాస్‌లో మిరప పొడి కూడా వేసుకోవాలనుకుంటే ఒక మాట: కొరియన్ మిరప పొడి గోచుగారు బరకగా ఉంటుంది, కారం తక్కువ. దాని బదులు మన ఇంటి కారం అదే కొలతలో వేస్తే నోరు మండుతుంది. చిటికెడు చాలు. బ్యాడిగి మిర్చిని గింజలు తీసి కచ్చాపచ్చాగా దంచితే రంగు, రుచి దగ్గరగా వస్తాయి.

2. దుంపలు చెక్కు తీసి, తురిమేదాకా నీళ్లలో ముంచి ఉంచండి. తురమబోయే ముందు తుడవండి.

3. ఉల్లిపాయ ముక్కను ముందు తురిమి, దాని మీదే దుంపలు తురమండి. ఉల్లి రసం దుంప నల్లబడడాన్ని కొంచెం ఆలస్యం చేస్తుంది. కొరియా ఇళ్లలోనూ ఇలా చేస్తారు. తురుముపీటలో పొడవాటి తీగల్లా వచ్చే వైపు కాదు, అల్లం తురిమే సన్నటి వైపు వాడాలి. చేతిలో ఉన్నది ముద్దలా, తడిసిన రవ్వలా కనిపించాలి. చివరి ముక్క దగ్గర వేళ్లు జాగ్రత్త. అర అంగుళం మిగిలాక దాన్ని కూరలో వేసుకోండి.

మిక్సీ వాడాలనుకునేవాళ్లకు: దుంపను చిన్న ముక్కలు చేసి, పావు కప్పు నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి. పూర్తిగా మెత్తగా అయితే పిప్పి మిగలదు, అట్టుకు పలుకు ఉండదు. రవ్వలా ఉన్నప్పుడే ఆపేయండి. పోసిన నీళ్లు తరువాత ఎలాగూ వంచేస్తాం. పని సగమవుతుంది, కానీ చేత్తో తురిమినదానికి ఉన్నంత సాగే గుణం రాదు. ఇంటికి చుట్టాలొస్తే మిక్సీ, మా కోసం చేసుకుంటే తురుముపీట, ఇదీ నా పద్ధతి.

4. గిన్నె మీద జల్లెడ పెట్టి తురుమంతా దాంట్లో వేయండి. చెంచా వెనక వైపుతో మెల్లగా నొక్కండి. గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండొద్దు. గుప్పెడు తురుము తీసి పిడికిలి బిగిస్తే రెండు మూడు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఇంకా నీరుంది, ఒక్క చుక్కా రాకపోతే ఎక్కువ పిండేశారు. ఎక్కువ పిండితే కంగారు పడకండి, కింది నీళ్లే ఒక చెంచా తిరిగి కలపొచ్చు.

5. ఇప్పుడు కింది గిన్నెను పది నుంచి పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. పైన జల్లెడలోని తురుము ఈలోగా గులాబీ రంగుకు, ఆ తరువాత కాస్త గోధుమ రంగుకు తిరుగుతుంది. గాలి తగిలి వచ్చే మార్పే అది, పాడైపోవడం కాదు. మరీ చూడలేకపోతే మూత పెట్టండి.

6. గిన్నెను మెల్లగా వంచి పైన తేరిన నీళ్లు పారబోయండి. ఎర్రగా ఉన్న నీళ్లు పోయాక అడుగున తెల్లటి పిండి అంటుకుని ఉంటుంది. అర కిలో దుంపకు సుమారు రెండు టేబుల్ స్పూన్లు రావచ్చు. చెంచాతో గట్టిగా గీరితే రాయిలా బిగుస్తుంది, నెమ్మదిగా కదిపితే పాలలా జారుతుంది. అలా ఉంటే సరిగ్గా తేరినట్టు.

కర్రపెండలం నుంచి సగ్గుబియ్యం తీయడానికి పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో చేసేదీ ఇదే పని, పెద్ద తొట్లలో. దుంపను నూరి, పాలు తీసి, తేరాక అడుగున మిగిలిన పిండిని తీసుకుంటారు. ఆ పోలిక ముందుముందు ఇంకోసారి పనికొస్తుంది.

7. జల్లెడలోని తురుమును ఈ పిండి మీద వేసి, ఉప్పు చల్లి, అడుగు నుంచి గీరుతూ కలపండి. ఉప్పు ఇప్పుడే వేయాలి. ముందే వేస్తే దుంప ఇంకా నీరు వదులుతుంది. కలిపాక చెంచాతో ఎత్తి వదిలితే ముద్దగా, బరువుగా జారాలి. ఇడ్లీ పిండి కంటే గట్టిగా, వడ పిండి కంటే పలచగా అనుకోండి. పిండి సరిగా దిగలేదనిపిస్తే ఒక టేబుల్ స్పూన్ పొటాటో స్టార్చ్ కలపండి. అది లేకపోతే మొక్కజొన్న పిండి, అంటే కార్న్‌ఫ్లోర్. అంతకు మించి వద్దు. అట్టు రబ్బరులా అవుతుంది.

8. పాన్ మధ్యస్థ మంట మీద పెట్టి, వేడెక్కాక రెండు టేబుల్ స్పూన్ల నూనె వేయండి. దోశకు రాసినట్టు రాస్తే సరిపోదు. అట్టు కింద నూనె పలచని పొరలా నిలవాలి. పిండి చుక్క ఒకటి వేసి చూడండి. వెంటనే చుట్టూ సన్నని బుడగలు రావాలి. అడుగునే పడి ఊరుకుంటే ఇంకా వేడి చాలలేదు. అలాంటి నూనెలో పోస్తే అట్టు అతుక్కుంటుంది, నూనె కూడా పీల్చుకుంటుంది.

9. పిండిలో మూడో వంతు వేసి, చెంచా వెనకతో అర సెంటీమీటరు మందాన పరవండి. వడ మందం వద్దు, దోశ పలచన వద్దు. పైన మిర్చి చక్రాలు అద్దండి.

10. ఇక నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. మూత పెట్టొద్దు, ఆవిరికి మెత్తబడుతుంది. అంచులు అద్దంలా మారి, బంగారు రంగు పట్టి, పాన్ ఊపితే అట్టు మొత్తం జారాలి. జారకపోతే ఇంకా తిప్పే సమయం రాలేదు. అట్లకాడతో కింద గీరి లేపాలని చూస్తే పెళుసు పొర పాన్‌కే ఉండిపోతుంది.

11. తిప్పేటప్పుడు మీ వైపుకు కాక అవతలి వైపుకు తిప్పండి, నూనె చిందుతుంది. ధైర్యం చాలకపోతే అట్టును పళ్లెంలోకి జార్చి, పాన్ పట్టే చేతికి గుడ్డ చుట్టుకుని, పళ్లెంలోదాన్ని తలకిందులుగా పాన్‌లోకి వేయండి. అంచుల వెంట ఇంకో చెంచా నూనె వేసి, అట్లకాడతో నొక్కుతూ మూడు నిమిషాలు కాల్చండి. చివర్లో మంట కొంచెం పెంచి ఒక్కో వైపు అర నిమిషం ఉంచితే కరకర వస్తుంది.

12. తీశాక అట్ల మీద అట్టు పేర్చకండి. జాలీ మీద పెట్టండి, లేకపోతే రెండు చెంచాల మీద ఆనించి గాలి ఆడేలా ఉంచండి. కాస్త ఆగి, వేడి తగ్గకముందే చేత్తో తుంచుకుని సాస్‌లో ముంచి తినండి.

సరిగ్గా వచ్చిందో లేదో

మధ్యలో తుంచి వెలుతురుకు పట్టి చూడండి. సగ్గుబియ్యం ఉడికితే తెల్లదనం పోయి ఎలా పారదర్శకంగా మారుతుందో, దుంపలోని పిండీ అంతే. లోపల మసక అద్దంలా ఉంటే ఉడికింది. సుద్దలా తెల్లగా కనిపిస్తే, నాలుకకు పచ్చి వాసన తగిలితే ఇంకా ఉడకాలి, మళ్లీ పాన్ మీదకు. కొరికినప్పుడు అంచు కరకరలాడాలి, మధ్యభాగం కొంచెం సాగాలి. ఆ సాగే గుణాన్ని కొరియన్లు చొల్గిట్ అంటారు. మనవాళ్లు కొందరు మొదటిసారి తిని ఇది ఉడకలేదేమో అనుకుంటారు. సాగడం వేరు, పచ్చిగా ఉండడం వేరు. వెలుతురులో చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఎక్కడెక్కడ తప్పుతుంది

చాలా తప్పులకు మూలం ఒకటే, మన దోశ అలవాటు. పెనం మీద నీళ్లు చిలకరించడం, పిండి వేసి గుండ్రంగా తిప్పుతూ పలచగా లాగడం, ఒకవైపే కాల్చి తీసేయడం, నూనె పొదుపు చేయడం. దోశకు బలం మినప్పిండిది, పులిసిన పిండిది. ఇక్కడ పులియడం లేదు. పచ్చి దుంప పిండి వేడికి ఉబ్బి, జిగురై, పక్కదాన్ని పట్టుకుంటేనే అట్టు నిలుస్తుంది. దానికి మందం కావాలి, సమయం కావాలి.

అట్టు తిప్పగానే ముక్కలైందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగింది: అడుగు పిండి పారబోశారు, నీరు ఎక్కువ ఉంచారు, లేదా తొందరపడి తిప్పారు. మొదటి అట్టు విరిగితే మిగిలిన పిండిలో ఒక చెంచా స్టార్చ్ కలిపి, రెండోది అరచేయంత చిన్నగా వేయండి. చిన్న అట్టు తిప్పడం తేలిక. కొత్తగా చేసేవాళ్లు మొదటి నుంచీ చిన్నవే వేసుకోవడం మంచిది.

పైన నల్లగా, లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది, లేదా చలిలో నిల్వ ఉన్న దుంప. బూడిద రంగులో వచ్చిందంటే తురిమి చాలాసేపు ఆగారు, లేదా ఇనుప గిన్నెలో కలిపారు. రుచికి నష్టం లేదు, చూపుకే. ఇనుప దోశ పెనం బాగా పదునెక్కి ఉంటే కాల్చడానికి వాడొచ్చు, కానీ చాలా పెనాలు మధ్యలో కొంచెం పల్లంగా ఉంటాయి. నూనె అంతా ఒకచోట చేరి అట్టు ఒకవైపే కాలుతుంది.

కొరియన్ వంట కదా అని కొందరు కాల్చడానికి కొరియన్ నువ్వుల నూనె వాడతారు. అది వేయించిన నువ్వుల నుంచి తీసినది, మన గానుగ నూనె లాంటిది కాదు. పెద్ద వేడికి చేదెక్కుతుంది. సాస్‌లో రెండు చుక్కలు వేసుకోండి, అంతే.

నిల్వ సంగతి. కలిపిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి రేపు వేద్దామంటే కుదరదు, నల్లబడి నీరు వదిలేస్తుంది. ఎక్కువైతే అన్నీ కాల్చేసి పెట్టుకోండి. మర్నాడు నూనె లేని పాన్ మీద సన్న సెగన రెండు వైపులా వేడిచేస్తే కరకర చాలావరకు తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో మాత్రం మెత్తబడి సాగిపోతుంది.

మార్పులు

ఇంకా కరకరగా కావాలంటే దుంపను తురమకుండా అగ్గిపుల్లల్లా సన్నగా తరిగి, ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల పొటాటో స్టార్చ్ కలిపి అదే పద్ధతిలో కాల్చండి. కొరియాలో ఇదీ ఉంది, పిల్లలకు బాగా నచ్చుతుంది. ఇందులో తేర్చే పని లేదు కాబట్టి సమయం లేని రోజు ఇదే మేలు. కానీ సాగే గుణం ఉండదు, అది వేరే వంటకం.

కొరియన్లు బుచు అనే వెల్లుల్లి వాసన ఆకును సన్నగా తరిగి కలుపుతారు. ఉల్లికాడల పచ్చటి భాగం దానికి దగ్గరగా ఉంటుంది. గుప్పెడు మించితే అట్టు విడిపోతుంది. కొత్తిమీర, జీలకర్ర వేయాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. ఒక్కసారి వేయకుండా తినండి. దుంప రుచి అంత శుభ్రంగా తెలిసే వంటలు తక్కువ.

కొరియాలో వాన పడితే జొన్ గుర్తొస్తుంది, మనకు మిరపకాయ బజ్జీ గుర్తొచ్చినట్టే. అక్కడ పక్కన మక్గొల్లి అనే బియ్యపు కల్లు ఉంటుంది. మనకు వేడి టీ సరిపోతుంది.

ఇదే తురుముతో గాంగ్వాన్‌వాళ్లు ఓంగ్‌సిమి అనే ఉండల పులుసు చేస్తారు. అట్టు రెండోసారికే కుదిరితే మూడోసారి దీన్ని చేసి చూడండి. తురుమును అట్టు కంటే గట్టిగా పిండి, అడుగు పిండి కలిపి, గోలీల కంటే కాస్త పెద్ద ఉండలు చేసుకోవాలి. ఎండు పుట్టగొడుగులు, కెల్ప్ అనే సముద్రపు ఆకు వేసి మరిగించిన నీళ్లలో వేయాలి. మామూలుగా ఆ రసంలో నెత్తళ్లు వేస్తారు, వాటిని మానేస్తే వీగన్ అవుతుంది. ఉండలు పైకి తేలాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి ఒకదాన్ని కోసి చూడండి. లోపల తెల్లటి చుక్క కనిపించకపోతే దించేయొచ్చు.